పూలకెళ్లిన చోట పురుగు ముట్టిందా?

డెంగ్యూ కాదన్నారు, మలేరియా కాదన్నారు. అయినా జ్వరం దిగలేదు. అప్పుడేం చేయాలి? ఒంటి మీద ఒక చిన్న నల్లమచ్చ కోసం వెతకాలి!

భాద్రపదం చివరికొచ్చేసరికి మేడ్చల్, శామీర్‌పేట వైపు నేలంతా పచ్చగా మారిపోతుంది. చెరువు గట్ల మీద తెల్లగా గునుగు, బీళ్లలో పసుపు ముద్దల్లా తంగేడు. తెల్లారకముందే సంచులు చేతపట్టుకుని అక్కచెల్లెళ్లు, వదినామరదళ్లు బయల్దేరతారు. వాళ్ల వెనకాలే పిల్లలు. ఎంగిలి పూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ ఇదే సంబరం. ఆ రోజుల్లోనే పొదల్లో సీతాఫలాలు కళ్లు తెరుస్తాయి. పాడి ఉన్న ఇళ్లలో గడ్డికోత సరేసరి. దసరా వెళ్లీ వెళ్లగానే కార్తిక వనభోజనాలు!

సరిగ్గా ఈ నెలల్లోనే ఆసుపత్రులకు ఒక మొండి జ్వరం వస్తుంటుంది. తీవ్రమైన తలనొప్పి, ఒళ్లంతా పచ్చిపుండులా నొప్పులు, చలి. డెంగ్యూ పరీక్ష చేస్తే లేదంటారు. మలేరియా కాదంటారు. టైఫాయిడ్ అయి ఉండొచ్చని మందులు మొదలుపెడతారు. వారం దాటినా జ్వరం దిగదు. ఈలోగా ఆయాసం మొదలవుతుంది. దీని పేరు స్క్రబ్ టైఫస్. పేరులో టైఫస్ ఉంది కదా అని టైఫాయిడ్‌తో కలిపేయకండి. అది వేరు, ఇది వేరు. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వస్తుంది. ఇది పొదల్లోని పురుగు వల్ల వస్తుంది.

మన వైపు ‘పురుగు ముట్టింది’ అంటే పాము కరిచిందనే అర్థం. వెంటనే ఊరంతా పోగై ఆసుపత్రికి పరుగెత్తిస్తారు. కానీ ఈ పురుగు ముట్టిన సంగతి ముట్టించుకున్న మనిషికే తెలియదు. నొప్పి ఉండదు, మంట ఉండదు. చిక్కంతా అక్కడే!

గసగసాల గింజలో అయిదో వంతు!

ఈ జ్వరాన్ని తెచ్చే పురుగును ఇంగ్లీషులో చిగ్గర్ అంటారు. పైరుకు పట్టే ఎర్రనల్లి సంగతి రైతు ఇళ్లలోని ఆడవాళ్లకు తెలిసే ఉంటుంది. ఇదీ ఆ నల్లుల జాతిదే. మంచాల్లో చేరే నల్లి మాత్రం కాదు. దీని పొడవు మిల్లీమీటరులో అయిదో వంతు. అంటే గసగసాల గింజలో అయిదో వంతన్నమాట! చేతి మీద పాకినా కంటికి ఆనదు.

పెద్ద పురుగులు మట్టిలోనే బతుకుతాయి, మన జోలికి రావు. గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్ల పురుగులకే ఆకలి. అవి గడ్డిపోచల మీదికి, చిన్న చిన్న పొదల మీదికి ఎక్కి కూర్చుంటాయి. ఎలుకో, పందికొక్కో, ఉడుతో అటుగా పోతే పట్టుకుంటాయి. మనిషి వెళ్తే మనిషినీ పట్టుకుంటాయి. చర్మానికి అంటుకుని రెండు మూడు రోజులు అలాగే ఉండి, తర్వాత రాలిపోతాయి. ఆ సమయంలో పురుగు నోట్లోంచి ఓరియెన్షియా సుత్సుగముషి అనే సూక్ష్మజీవి మన ఒంట్లోకి చేరుతుంది. సుత్సుగముషి అంటే జపాన్ భాషలో హాని చేసే పురుగు అని అర్థం. పురుగు పుట్టుకతోనే తల్లి నుంచి ఈ సూక్ష్మజీవిని తెచ్చుకుంటుంది. అందుకే ఒకసారి పట్టుకున్న చోట ఏటేటా మళ్లీ మళ్లీ కనిపిస్తుంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం నాడు అస్సాం, బర్మా సరిహద్దుల్లో పోరాడిన సైనికుల్లో ఎంతోమంది ఈ జ్వరంతో మంచాన పడ్డారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పట్లో దీనికి సరైన మందు లేదు. ఆ తర్వాత మందులొచ్చాయి, జనం జబ్బునే మర్చిపోయారు. డాక్టర్లు కూడా పాఠ్యపుస్తకంలో చదివి వదిలేసిన జబ్బుగా మిగిలింది. కానీ అది మాత్రం మనల్ని మర్చిపోలేదు!

ఇది మన దగ్గరి జబ్బే

‘అదెక్కడో కొండల్లో, అడవుల్లో వచ్చేది, మనకెందుకు?’ అనుకుంటే పొరపాటు. 2011, 2012 సంవత్సరాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ జ్వరం బాగా ప్రబలింది. అప్పుడు తమ దగ్గరికి వచ్చిన రోగుల గురించి హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2014లో వైద్య పత్రికలో వివరంగా రాశారు. తిరుపతి స్విమ్స్ వైద్యులూ తమ అనుభవాలు ప్రచురించారు. 2025 చివరి నెలల్లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ కలకలం రేగింది. ఆ ఏడాది అక్కడ వెయ్యికి పైగా కేసులు నమోదయ్యాయి. చిత్తూరు జిల్లాలో ఎక్కువగా కనిపించాయి.

మరి మేడ్చల్, శామీర్‌పేట సంగతేమిటి? ఒక్కసారి మన చుట్టూ చూసుకుందాం. ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపడ్డ నేల ఇది. ఇప్పుడు తోటలు పోయి వెంచర్లు వచ్చాయి. నాగపూర్ రోడ్డు పొడవునా, రాజీవ్ రహదారి పొడవునా ప్లాట్లు కోసి హద్దురాళ్లు పాతారు. కొన్నవాళ్లు నగరంలోనో, అమెరికాలోనో ఉంటారు. ప్లాటు మాత్రం వయ్యారిభామ, తుమ్మ, గడ్డి పెరిగి పొదలమయమై ఉంటుంది. పక్కనే కొత్తగా కట్టిన ఇల్లు. ఆ ఇంటి చెత్త ఈ పొదల్లోకి. చెత్త ఉంటే ఎలుకలు, పందికొక్కులు. ఎలుకలుంటే వాటి మీద బతికే పురుగులు! స్క్రబ్ అంటేనే ఇలాంటి పొదల నేల అని. అడవికీ ఊరికీ మధ్య, పొలానికీ కాలనీకీ మధ్య ఉండే ఈ బీడు భూములే చిగ్గర్‌కు పుట్టిల్లు. దాన్ని వెతుక్కుంటూ మనం అడవికి వెళ్లక్కర్లేదు, ప్రహరీ గోడ అవతల చూస్తే చాలు.

అలాగని బతుకమ్మకు పూలు కోయడం మానేయాలా? వనభోజనాలు రద్దు చేసుకోవాలా? అక్కర్లేదు. పండగ పండగే. తెలుసుకోవలసింది తెలుసుకుని వెళ్తే చాలు.

చెప్పుకోలేని చోట నల్లమచ్చ

ఈ జబ్బుకు దేవుడు ఒక గుర్తు పెట్టాడు. పురుగు అంటుకున్న చోట చిన్న పొక్కులా మొదలై, కొన్నాళ్లకు నల్లటి పక్కు కడుతుంది. చుట్టూ ఎర్రటి అంచు. చూస్తే సిగరెట్‌తో చుర్రుమని కాల్చినట్టు ఉంటుంది. విచిత్రమేమిటంటే అది నొప్పి పెట్టదు, దురద కూడా పెద్దగా ఉండదు. వైద్యులు దీన్ని ఎస్కార్ అంటారు. అందరిలోనూ కనిపించదు గానీ, కనిపిస్తే మాత్రం సగం రోగ నిర్ధారణ అయిపోయినట్టే.

మరి ఎక్కడుంటుంది? పురుగు ఒంటి మీద పాకుతూ పోయి, బట్ట బిగుతుగా ఉన్నచోట, చర్మం మెత్తగా చెమటగా ఉన్నచోట ఆగిపోతుంది. చంకలు, రొమ్ముల కింది మడత, లోదుస్తుల పట్టీ తగిలే చోటు, లంగా బొందు కట్టుకునే నడుము, గజ్జలు, తొడల సందు. చూశారా! అన్నీ ఆడది ఎవరికీ చూపించని చోట్లే.

ఇక్కడే అసలు ప్రమాదం. జ్వరంతో వెళ్లిన మగాడు చొక్కా విప్పమంటే విప్పుతాడు. మనం? ‘నాలిక చూపించమ్మా’ అంటే చూపిస్తాం, చెయ్యి చాపి నాడి చూపిస్తాం, అంతకు మించి బిగుసుకుపోతాం. గది నిండా జనం ఉంటే డాక్టరూ అడగడు. పక్కన అత్తగారో, మరిదో ఉంటే మనమూ చెప్పం. నొప్పి లేని మచ్చ కాబట్టి మనకే తెలియదు కూడా. అలా ఒక చిన్న మచ్చ చీర మడతల్లో దాక్కుని ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే జ్వరం మూడు రోజులు దాటితే ఒక పని చేయండి. స్నానాల గదిలో తలుపు వేసుకుని, మంచి వెలుతురులో, అద్దం పెట్టుకుని ఒళ్లంతా చూసుకోండి. వీపు, మెడ వెనక, తల వెంట్రుకల మధ్య మీకు కనిపించవు. అక్కనో, చెల్లెనో, కూతుర్నో చూడమనండి. ‘నాకేమైనా నల్లగా కనిపిస్తుందేమో చూడవే’ అని అడగడానికి సిగ్గెందుకు? మచ్చ కనిపిస్తే లేడీ డాక్టరుకో, నర్సుకో చూపించండి. ఎవరూ లేకపోతే ‘ఫలానా చోట కాలిన మచ్చలాంటిది ఉంది డాక్టరుగారూ’ అని నోటితో చెప్పినా చాలు.

పిల్లల విషయంలో ఈ బాధ్యత తల్లిదే. పిల్లల్లో ఈ మచ్చ చెవి వెనక, తల్లో, చంకలో, జననాంగాల దగ్గర దాక్కుంటుంది. నీళ్లు పోసేటప్పుడు, తల దువ్వేటప్పుడు ఒక్క నిమిషం ఎక్కువ చూస్తే చాలు. మచ్చకు దగ్గర్లో బిళ్లలు కట్టడం కూడా గుర్తే.

తేదీలు లెక్క కడితే...

పురుగు కరిచిన రోజే జ్వరం రాదు. ఆరు రోజుల నుంచి ఇరవై ఒక్క రోజుల లోపు ఎప్పుడైనా రావచ్చు. చాలామందిలో పది పన్నెండు రోజులు పడుతుంది. ఎంగిలి పూల నాడు తంగేడు కోస్తూ ముట్టించుకున్న పురుగు దసరాకో, ఆ తర్వాతో జ్వరమై లేస్తుందన్నమాట. అప్పటికి పండగ అలసట అనుకుంటాం, తడిశానని అనుకుంటాం, నిద్ర లేదని అనుకుంటాం. పూలకెళ్లిన సంగతి గుర్తే రాదు.

మొదటి వారం జ్వరం, తలనొప్పి, కండరాల నొప్పులు, కళ్లు ఎర్రబారడం, కొందరిలో ఒంటి మీద సన్నటి దద్దుర్లు, పొడి దగ్గు, వాంతులు. రెండో వారానికి జబ్బు లోపలికి దిగుతుంది. ఈ సూక్ష్మజీవి సన్నటి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. రక్తనాళాలు లేని అవయవం ఏముంటుంది? అందుకే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, మెదడు... దేన్నైనా పట్టుకోగలదు. ఆయాసం, కామెర్లు, మూత్రం తగ్గడం, మత్తుగా పడి ఉండటం, ఫిట్స్ వచ్చాయంటే ఇక ఇంట్లో ఒక్క గంట కూడా ఆగకూడదు.

ఇంకో తిరకాసు ఉంది. ఈ జ్వరంలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. దాంతో ఇంటిల్లిపాదీ డెంగ్యూ అనుకుని బొప్పాయి ఆకుల కోసం పరుగెత్తుతారు. డెంగ్యూ పరీక్ష నెగెటివ్ వచ్చి, ప్లేట్‌లెట్లు తగ్గుతూ, జ్వరం అయిదు రోజులు దాటిందంటే ‘స్క్రబ్ టైఫస్ ఏమైనా అయి ఉంటుందా సార్?’ అని అడగడం మీ హక్కు. చదువుకున్న డాక్టరు ఎవరూ ఆ మాటకు నొచ్చుకోరు.

మందు ఉంది, చవకైనదే!

ఇంతసేపూ భయపెట్టాం కదా, ఇప్పుడు ధైర్యం చెప్పే మాట. ఈ జబ్బుకు మందుంది. పేరు డాక్సీసైక్లిన్. ఎన్నో ఏళ్లుగా వాడుతున్న పాత మందు, ధర కూడా తక్కువే. తొలి రోజుల్లోనే మొదలుపెడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. అన్నాళ్లు మంచం పట్టిన మనిషి లేచి కూర్చుని చారన్నం అడుగుతుంది!

గర్భిణులకు సాధారణంగా అజిత్రోమైసిన్ ఇస్తారు. కడుపుతో ఉన్నప్పుడు ఈ జ్వరం వస్తే గర్భస్రావానికీ, నెలలు నిండకముందే కాన్పుకూ దారితీయవచ్చు. కాబట్టి గర్భిణికి జ్వరం వస్తే ‘చూద్దాంలే’ అని ఒక్క రోజు కూడా ఊరుకోకూడదు. పిల్లలకు ఏ మందు, ఎంత అన్నది బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. జబ్బు ముదిరి ఆసుపత్రిలో పడ్డవారికి ఈ రెండు మందులనూ కలిపి నరం ద్వారా ఇస్తే, ఏదో ఒక్కటే ఇచ్చినదానికన్నా మేలని 2023లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో తేలింది. ఆ పరిశోధన జరిగింది ఎక్కడో కాదు, మన దేశంలోనే. వెల్లూరు సీఎంసీ వైద్యులు ముందుండి నడిపించారు.

టైఫాయిడ్‌కు వాడే సెఫ్ట్రియాక్సోన్ వంటి ఇంజెక్షన్లు మాత్రం ఈ సూక్ష్మజీవిని ఏమీ చేయలేవు. రోజుకో సూది చొప్పున వారం పొడిపించుకున్నా జ్వరం కదలకపోవడానికి కారణం అదే. అలాగని మందుల షాపుకెళ్లి మీరే డాక్సీసైక్లిన్ కొనుక్కుని మింగకండి. ఎలైజా అనే రక్త పరీక్షతో ఈ జబ్బును నిర్ధారించవచ్చు. జబ్బు తీరు చూసి, పరీక్ష ఫలితం వచ్చేలోపే మందు మొదలుపెట్టాలా అన్నది డాక్టరు చూసుకుంటారు. దీనికి టీకా లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు కాబట్టి రోగిని వేరుగా పెట్టనక్కర్లేదు. చంటిబిడ్డ తల్లిని బిడ్డ నుంచి విడదీయనక్కర్లేదు.

అమెరికా వెళ్లే అమ్మలకు

మన కాలనీల్లో ఏ వీధిలో చూసినా ఒకరిద్దరు పిల్లలు అమెరికాలో ఉంటారు. కూతురి కాన్పుకనో, మనవల్ని చూసుకోవడానికనో ఆర్నెల్లు వెళ్లి రావడం అమ్మలకు మామూలైపోయింది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కనెక్టికట్, మసాచుసెట్స్ వెళ్లేవాళ్లు ఇంకో పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి. లైమ్ జబ్బు.

ఇదీ పురుగుతో వచ్చేదే. అయితే ఇక్కడ విలన్ చిగ్గర్ కాదు, పిడుదు. గొడ్లకూ, కుక్కలకూ పడుతుందే, గోమారి అంటామే, ఆ జాతి. అక్కడి జింకల మీదా, ఎలుకల మీదా బతికే ఈ పిడుదుల్లో గసగసాల గింజంత ఉండే పిల్లవే ఎక్కువ ప్రమాదం. మే నుంచి జులై దాకా వీటి జోరు. సరిగ్గా మన అమ్మలు వెళ్లే కాలం! చల్లగా ఉంది కదా అని ఇంటి వెనక గడ్డిలో చెప్పుల్లేకుండా నడవడం, చెట్ల మధ్య బాటల్లో వాకింగు చేయడం, ఎండిన ఆకులు ఊడ్చి కుప్ప పోయడం... పిడుదు ఎక్కడానికి ఇవి చాలు. ఆ దేశంలో ఏటా సుమారు 4 లక్షల 76 వేల మంది ఈ జబ్బుకు చికిత్స తీసుకుంటున్నారని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా.

ఈ జబ్బు లోకానికి తెలియడం వెనక ఇద్దరు తల్లుల పట్టుదల ఉంది. కనెక్టికట్‌లోని లైమ్ అనే చిన్న ఊళ్లో పాలీ ముర్రే అనే ఇల్లాలు ఉండేది. ఆమెకు, భర్తకు, పిల్లలకు ఏళ్ల తరబడి దద్దుర్లు, జ్వరాలు, కీళ్ల వాపులు. ఎంతమంది డాక్టర్లకు చూపించినా తేలలేదు. అంతా ఆమె మనసులోని భ్రమేనన్నారు కొందరు. ఆమె ఊరుకోలేదు. ఎవరికి ఎప్పుడు ఏమైందో రాసి పెట్టుకుంది. ఊళ్లో ఇంకెవరికి ఇలా ఉందో వాకబు చేసి జాబితా తయారుచేసింది. పక్క ఊరిలో జూడిత్ మెన్ష్ అనే మరో తల్లి కూతురికీ కీళ్లవాతమన్నారు. ఆ వీధిలోనే ఇంకా పిల్లలకు అదే జబ్బు ఉండటం ఆమెకు వింతగా తోచింది. 1975లో ఇద్దరూ విడివిడిగా రాష్ట్ర ఆరోగ్య శాఖకు ఫిర్యాదు చేశారు. యేల్ విశ్వవిద్యాలయం నుంచి అలెన్ స్టీర్ అనే డాక్టరు వచ్చి పరిశోధిస్తే మూడు ఊళ్లలో 39 మంది పిల్లలు, 12 మంది పెద్దలు తేలారు. 1981లో విలీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదులో ఆ సూక్ష్మజీవిని కనిపెట్టాడు. ‘భ్రమ’ అన్నది నిజమైన జబ్బని రుజువైంది. ఆ పుణ్యం ఒక తల్లి రాసుకున్న నోటు పుస్తకానిది!

లైమ్‌కూ ఒక గుర్తుంది. పిడుదు కరిచిన మూడు రోజుల నుంచి నెల లోపు ఎర్రటి మచ్చ లేచి, రోజురోజుకూ వెడల్పవుతూ పోతుంది. కొన్నిసార్లు నడుమ ఖాళీ వదిలి చుట్టూ వలయంలా కనిపిస్తుంది. ఆ దశలో డాక్సీసైక్లిన్ లాంటి మందులతో నయమవుతుంది. వదిలేస్తే నెలల తర్వాత మోకాలు వాచిపోవడం, మూతి వంకర పోవడం, గుండె కొట్టుకోవడంలో తేడా రావచ్చు. ఇక్కడే అమ్మలు జాగ్రత్తగా ఉండాలి. తిరిగొచ్చాక మోకాలు వాస్తే మేడ్చల్‌లో డాక్టరు ‘వయసు కదమ్మా, అరుగుదల’ అంటాడు. ఆయన తప్పు కాదు, మన దేశంలో లైమ్ అరుదు. ‘ఎండాకాలం అమెరికాలో ఉన్నాను, అక్కడ ఎర్ర మచ్చ లేచింది’ అని మీరు చెబితేనే ఆయనకు తెలిసేది. ప్రయాణం సంగతి కూడా రోగ లక్షణంలాగే డాక్టరుకు చెప్పాలి.

మన పిడుదులూ తక్కువవి కాదు

కుక్కల పిడుదుల వల్ల మన దగ్గర మచ్చల జ్వరం వస్తుంది. ఇండియన్ టిక్ టైఫస్ అంటారు. జ్వరంతో పాటు అరచేతుల్లో, అరికాళ్లలో కూడా దద్దుర్లు కనిపిస్తే దీన్ని అనుమానించాలి. దీనికీ డాక్సీసైక్లినే మందు. పక్క రాష్ట్రం కర్ణాటకలో అడవి పిడుదుల వల్ల వచ్చే క్యాసనూర్ జ్వరం ఉంది. 1957లో షిమోగా అడవుల్లో కోతులు చచ్చిపోతుంటే బయటపడింది. అక్కడి అడవులకు యాత్రలకు వెళ్లేవారు చచ్చిన కోతుల దగ్గరికి పోకూడదు.

ఇళ్లలో మనం చేసే ఒక పని మానుకోవాలి. బర్రెకో, కుక్కకో పట్టిన పిడుదును చేత్తో పీకి, గోటితో చిదిమేస్తాం. పిడుదు ఒంట్లోని రక్తం వేళ్ల పగుళ్లలోకి పోతే అదీ ప్రమాదమే. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, తీసినవాటిని సబ్బు నీళ్లలో వేయండి. పశువుల డాక్టరు ఇచ్చే మందు వాడండి. మనిషికి పిడుదు అంటుకుంటే కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో చురక పెట్టడం, సున్నం రాయడం వద్దు. సన్నటి పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, మెలి తిప్పకుండా నిటారుగా లాగండి. తర్వాత సబ్బుతో కడిగి, ఆ తేదీ క్యాలెండరు మీద రాసుకోండి.

పూలకు, గడ్డికి వెళ్లేటప్పుడు

* పొడుగు చేతుల జాకెట్టో, పాత చొక్కానో పైన వేసుకోండి. చీర కట్టేవాళ్లు లోపల లెగ్గింగ్ వేసుకుంటే మంచిది. కాళ్లకు మేజోళ్లు, బూట్లు. పాంటు అంచును మేజోళ్లలోకి దోపుకోండి.

* పొదల పక్కన, గడ్డి మీద నేరుగా కూర్చోవద్దు, పడుకోవద్దు. వనభోజనాలకు మందపాటి జంపఖానా పరచండి. చంటిపిల్లల్ని గడ్డి మీద వదలొద్దు.

* విప్పిన బట్టలు, కొంగులు, తువ్వాళ్లు పొదల మీద వేయకండి. ఉతికిన బట్టలు ఆరేయడానికి తీగ కట్టుకోండి.

* డీట్ ఉన్న దోమల క్రీము కాళ్లకు, చేతులకు రాసుకుంటే ఈ పురుగులు కూడా దూరంగా ఉంటాయి. పిల్లలకు రాసేముందు డబ్బా మీద వయసు చూడండి.

* ఇంటికి రాగానే పూల పని మొదలుపెట్టకండి. ముందు స్నానం! సబ్బుతో, గుడ్డతో ఒళ్లు రుద్దుకుంటే అప్పుడే అంటుకున్న పురుగులు పోతాయి. పిల్లలకూ అంతే. విప్పిన బట్టలు వేడి నీళ్లలో నానబెట్టి ఉతకండి.

* కోసిన పూలను పడకగదిలో పోయకండి. వరండాలో పాత గుడ్డ పరిచి దులపండి.

డాక్టరుకు చెప్పాల్సిన నాలుగు మాటలు

* జ్వరం మొదలైన తేదీ, ఇప్పటిదాకా వాడిన మందులు.

* గడిచిన మూడు వారాల్లో పూలకో, గడ్డికో, పొలానికో, వనభోజనానికో వెళ్లామా?

* ఒంటి మీద కాలిన మచ్చ, బిళ్లలు, దద్దుర్లు ఏమైనా ఉన్నాయా? ఎక్కడ?

* గర్భం, పాలిచ్చే బిడ్డ, షుగర్, ఇతర జబ్బులు.

వీటిని ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి. జ్వరం ముదిరినవాళ్లకు మాట రాదు, వెంట వెళ్లినవాళ్లకు తేదీలు గుర్తుండవు. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో మొదలుపెట్టండి. అక్కడ తేలకపోతే సికింద్రాబాద్ గాంధీ, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, పిల్లలకైతే నీలోఫర్ ఉండనే ఉన్నాయి.

అందరం కలిసి

పక్క ప్లాటు మనది కాదు. కానీ అందులో పుట్టే పురుగుకు సరిహద్దు రాయి తెలియదు! వానలు తగ్గుముఖం పట్టగానే కాలనీ సంఘం వారు ఖాళీ ప్లాట్ల యజమానులకు ఫోను చేసి పొదలు కొట్టించమనాలి. వినకపోతే స్థానిక అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. చెత్తను పొదల్లోకి విసరడం మానాలి. ఇంటి చుట్టూ, బడి చుట్టూ, అంగన్‌వాడీ చుట్టూ రెండు మూడు గజాల మేర గడ్డి లేకుండా చూసుకోవాలి.

పొదుపు సంఘం మీటింగులో అప్పుల లెక్క అయ్యాక అయిదు నిమిషాలు ఈ మాట చెప్పుకోండి. ఆశా కార్యకర్తను పిలిచి నల్లమచ్చ ఎలా ఉంటుందో బొమ్మ చూపించమనండి. ఈ ఏడు బతుకమ్మ ఆడుతూ చప్పట్లు చరిచే వలయంలో ఒక్కరైనా ‘జ్వరం తగ్గకపోతే ఒళ్లు చూసుకోవే అక్కా’ అని పక్కామెకు చెబితే, ఏదో ఒక ఇంట్లో ఒక తల్లి సకాలంలో మందు మింగుతుంది. అంతకు మించి గౌరమ్మకు ఏం మొక్కుతాం చెప్పండి?